గేటు లోపల నడవలేదు, బస్టాపు దగ్గర నడిచింది: ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుటుంబ నియంత్రణ సేవల కేస్ స్టడీ

నేపథ్యం

ఇది తిరుపతి, చిత్తూరు జిల్లాల సరిహద్దులో ఉన్న ఒక గార్మెంట్ యూనిట్ కేసు. ఆరేడు వందల మంది పనిచేస్తారు. మెషిన్ల మీద కూర్చునేది దాదాపు అందరూ ఆడవాళ్లే. కటింగ్, ఐరనింగ్, లోడింగ్ దగ్గర మగవాళ్లుంటారు. యూనిట్ పేరు, మండలం, అక్కడ ఏం కుడతారన్నది రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఇద్దరు ముగ్గురి అనుభవాలను కొన్నిచోట్ల ఒకరివిగా కలిపాను.

నేను నర్సింగ్ చదివి, ప్రసవాల వార్డులో కొన్నేళ్లు చేసి, తర్వాత ఫ్యాక్టరీల్లో ఆరోగ్య కార్యక్రమాలు నడిపే పనిలోకి వచ్చాను. ఈ యూనిట్ వాళ్లు మా టీంని పిలిచింది కోవిడ్ రెండో వేవ్ తగ్గి, ఆర్డర్లు మళ్లీ పెరుగుతున్న రోజుల్లో.

కేసులోకి వెళ్లే ముందు రాష్ట్రం లెక్క ఒకటి చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. గర్భసంచిలో పెట్టే కాపర్-టి, మాత్రలు, ఇంజెక్షన్, కండోమ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఆడపిల్ల జీవితం కనిపిస్తుంది. తొందరగా పెళ్లి, వెంటనే ఒక కాన్పు, ఏడాదిన్నరకో రెండేళ్లకో ఇంకో కాన్పు, దాంతోపాటే ఆపరేషన్. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఆ నాలుగైదేళ్లలో ఆమె చేతిలో ఏ సాధనమూ ఉండదు. ఫ్యాక్టరీలో పనిచేసే వయసు సరిగ్గా అదే.

మాకు చెప్పిన సమస్య

హెచ్‌ఆర్ మేనేజర్ మాటల్లో సమస్య చాలా సింపుల్. ఆర్నెల్లు పని నేర్పిస్తాం, చేయి తిరిగేసరికి పెళ్లి, కాన్పు అని మానేస్తున్నారు. లీవులు ఎక్కువ. దీనికి తోడు ఆ మధ్య ఒకమ్మాయి లైన్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఎండ దెబ్బ అనుకుని సూపర్‌వైజర్ ఫస్ట్ ఎయిడ్ గదిలో పడుకోబెట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాక తెలిసింది, ఆమె రెండు రోజుల ముందు మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొనుక్కుని మింగిందని. రక్తం ఆగకుండా పోతున్నా డ్యూటీకి వచ్చింది. ఇంట్లో ఏడాది బిడ్డ ఉంది.

యాజమాన్యం కోరింది ఒక్కటే: ఫ్యాక్టరీలో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టండి.

మాకు మాత్రం తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది. అంత రక్తస్రావంతో ఆమె ఆ రోజు పనికి ఎందుకు వచ్చింది? జవాబు జీతం స్లిప్పులో దొరికింది. నెలంతా ఒక్క రోజూ మానకపోతే అటెండెన్స్ బోనస్ వస్తుంది. ఒక రోజు పోతే ఆ రోజు కూలితో పాటు బోనస్ మొత్తం పోతుంది. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఓపీ నడిచేది పగటిపూట, ఈమె లైన్లో ఉండే గంటల్లోనే. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగేదీ పగలే, కాబట్టి ఆశా లెక్కలో ఈ ఇళ్లకు తాళం వేసి ఉంటుంది. ఆదివారం ఓపీ లేదు. సాయంత్రం టౌన్లో ప్రైవేటు క్లినిక్ ఉంటుంది కానీ, కంపెనీ బస్సు దిగిపోతే మళ్లీ ఊరికి పోవడానికి బండి ఉండదు. ప్రభుత్వం గర్భం రాకుండా వాడే మాలా-ఎన్, ఛాయా మాత్రలు, అంతరా ఇంజెక్షన్, కాపర్-టి అన్నీ ఉచితంగానే ఇస్తోంది. ఇన్ని ఉచితంగా ఉన్నా, వాటి దగ్గరికి పోవడానికి ఈమెకు సమయం లేదు.

మానేసేవాళ్ల విషయంలోనూ హెచ్‌ఆర్ లెక్క తప్పుగా ఉంది. కాన్పు అంటే కంపెనీకి ఖర్చని ఆయన టెన్షన్. నిజానికి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్న కార్మికురాలికి 26 వారాల ప్రసూతి వేతనం ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషనే, కంపెనీ కాదు. కంపెనీకి పడే అసలు దెబ్బ, నేర్చుకున్న మనిషి తిరిగి రాకపోవడం. తిరిగి ఎందుకు రావడం లేదో అడిగితే అందరూ చూపించింది క్రెష్ గదిని. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని అప్పటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. ఇక్కడ గది ఉంది, బయట రంగుల బొమ్మలున్నాయి, లోపల అట్టపెట్టెలు పేర్చి తాళం వేశారు. క్రెష్ తెరవకుండా కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడితే, బిడ్డల్ని కనొద్దని కంపెనీ చెబుతున్నట్టు ఉంటుందని మొదటి మీటింగ్‌లోనే చెప్పాం. ఒప్పుకున్నారు. తాళం తీయడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.

మొదట ప్రయత్నించినవి

యాజమాన్యం పట్టుబట్టిన దారిలోనే మొదలుపెట్టాం. వారానికి ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ లోపల క్లినిక్. పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) వస్తుంది, మా నర్సు ఉంటుంది, మందులు ప్రభుత్వానివి. టాయిలెట్ల దగ్గర ఉచిత కండోమ్ బాక్సులు. దీనికి ఒప్పుకోవడానికి కారణం ఉంది: సమయం లేనివాళ్ల దగ్గరికి సేవే రావాలనేది ఎవరికైనా తట్టే తర్కం. ఇతర చోట్ల ఫ్యాక్టరీ క్లినిక్‌లు బాగా నడిచినవీ ఉన్నాయి.

ఇక్కడ నడవలేదు. జనం రాకపోవడం అంటూ లేదు, బాగానే వచ్చారు. తలనొప్పికి, గ్యాస్‌కి, నడుంనొప్పికి వచ్చి మాత్రలు పట్టుకుపోయారు. కాపర్-టి గురించి గానీ, ఇంజెక్షన్ గురించి గానీ అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

కారణాలు ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పలేదు. కంపెనీ బస్సులో సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని ఊళ్లదాకా పోతే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. క్లినిక్ గది టైమాఫీసు పక్కన, హెచ్‌ఆర్ క్యాబిన్ ఎదురుగా ఉంది. లైను వదిలి రావాలంటే సూపర్‌వైజర్ దగ్గర స్లిప్పు రాయించుకోవాలి, ఆయన "ఏమైంది?" అని అడుగుతాడు. క్లినిక్ రిజిస్టర్లో పేరు, ఉద్యోగి టోకెన్ నంబరు, వచ్చిన కారణం రాస్తున్నారు, ఆ రిజిస్టర్ నెలాఖరున హెచ్‌ఆర్‌కి పోతోంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో "ప్రస్తుతం గర్భవతివా?" అనే ప్రశ్న ఉన్నచోట, రిజిస్టర్‌ని ఎవరు నమ్ముతారు? ఇంజెక్షన్ వేసి ఎప్పటికీ పిల్లలు పుట్టకుండా చేస్తారని ఒక లైన్లో పుకారు లేచింది. యాజమాన్యానికి లాభం కనబడుతున్న చోట అలాంటి పుకారు పుట్టకపోతేనే ఆశ్చర్యం.

అన్నిటికన్నా గట్టి కారణం మాకు ఊహకు కూడా అందనిది. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో బట్టలు దొంగిలించకుండా సాయంత్రం గేటు దగ్గర అందరి బ్యాగులూ తెరిచి చూస్తారు. లంచ్ బాక్స్, దువ్వెన, పర్సు అన్నీ టేబుల్ మీద పెట్టాలి.

"మాత్రల షీటు బ్యాగులో పెట్టుకుంటే సెక్యూరిటీ తాత అందరి ముందరా బయటికి తీస్తాడు కదక్కా. ఇంగ బస్సులో తలెత్తుకునేది ఎట్టా?" అంది ఒకామె.

మగవాళ్ల టాయిలెట్ దగ్గర కండోమ్ బాక్సు మాత్రం రెండు రోజులకొకసారి ఖాళీ అయ్యేది. వాళ్లకు జేబులున్నాయి, జేబులు ఎవరూ వెతకరు.

రెండో ప్రయత్నం టౌన్లోని ఒక ప్రైవేటు ఆస్పత్రితో ఒప్పందం. గోప్యత ఉంటుంది, సాయంత్రం ఓపీ ఉంటుంది, లేడీ డాక్టర్ ఉంటుందని మా ఆలోచన. ఆస్పత్రి సంతోషంగా ఒప్పుకుని క్యాంపు పెట్టింది. క్యాంపుకు వచ్చినవాళ్లకి స్కానింగ్ డిస్కౌంట్ కూపన్లు ఇచ్చారు. ఒక బిడ్డ ఉన్నవాళ్లకి "ఇంకోటి కానేయండి, సిజేరియన్‌తో పాటే ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేసేస్తాం" అన్నారు. కాపర్-టి వేయించుకున్నవాళ్లు లేనట్టే.

దీన్ని డాక్టర్ల దురాశ అనేసి వదిలేస్తే కేసు అర్థం కాదు. మన ప్రైవేటు ఆస్పత్రులు బతికేది కాన్పుల మీద, అందులోనూ సిజేరియన్ల మీద. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. రెండో సిజేరియన్‌తో పాటు ట్యూబెక్టమీ అంటే అదనపు శ్రమ లేదు. కాపర్-టికి అలా కాదు. వేసే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, కానీ ముందు పావుగంట మాట్లాడాలి, తర్వాత మూడు నెలలు "ఎక్కువ పోతోంది, నడుం నొప్పి" అని ఫోన్లు వస్తాయి. వచ్చే ఫీజు ఆ పావుగంటకు కూడా సరిపోదు. ప్రైవేటు రంగాన్ని కలుపుకోవాలంటే ముందు ఈ లెక్కను సరిచేయాలి. క్యాంపు బ్యానర్లతో అది సరికాదు.

ఒప్పుకోని ప్రతిపాదన

ఈ మధ్యలోనే ప్రొడక్షన్ వైపు నుంచి ఒక ఐడియా వచ్చింది. రెండేళ్లు గర్భం రాకుండా ఉన్నవాళ్లకి ప్రత్యేక బోనస్ ఇద్దాం అని. చెప్పినాయన మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. ఇలాంటిది కొత్తా కాదు. నీలగిరి టీ తోటల్లో 1970ల మొదట్లో, గర్భం రాని నెలలకు మహిళా కార్మికుల పేరిట డబ్బు జమచేసే పథకం నడిపారు. మేం కుదరదన్నాం. జీతం ఇచ్చే చెయ్యే గర్భం మీద కూడా డబ్బు పెడితే, కాదనే స్వేచ్ఛ ఆ అమ్మాయికి ఉండదు. పొరపాటున గర్భం వచ్చినామె బోనస్ పోతుందని మళ్లీ ఆ అబార్షన్ మాత్రల దగ్గరికే పోతుంది. మమ్మల్ని ఇక్కడికి పిలిపించిన సమస్యే అది. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ల జ్ఞాపకం మన పల్లెల్లో ఇంకా ఉంది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆపరేషన్ క్యాంపుల్ని మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది, టార్గెట్ల పద్ధతినీ తప్పుబట్టింది. టార్గెట్లతో బతికే ఫ్యాక్టరీకి ఈ ఒక్క విషయంలో టార్గెట్ వద్దని ఒప్పించడం మాకు మందుల కంటే కష్టమైన పని.

దారి దొరికిన చోటు

బస్సులు ఆగే క్రాస్‌రోడ్డు దగ్గర రెండు మెడికల్ షాపులున్నాయి. అందులో ఒక షాపుకి సాయంత్రం ఆడవాళ్లు గుంపుగా పోవడం మా నర్సు గమనించింది. ఏం కొంటున్నారో చూస్తే, డేట్ (నెలసరి) వాయిదా వేసే మాత్రలు.

ఈ ప్రాంతం తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం లేదు. తిరుమల కొండకు పోవాలన్నా, గంగమ్మ జాతరకు పొంగలి పెట్టాలన్నా, పెరటాసి నెలలో శనివారాల పూజ చేయాలన్నా డేట్ అడ్డు రాకూడదు. నోరెథిస్టిరాన్ మాత్రలు రోజుకు మూడు చొప్పున మింగితే నెలసరి వెనక్కి జరుగుతుంది. చట్టప్రకారం చీటీ కావాలి, అడిగేవాళ్లు తక్కువ. "అన్నా, కొండకు పోతాండాము, డేట్ మాత్రలియ్యి" అని అడగడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు, పక్కన మగవాళ్లున్నా సరే. దేవుడి పని కాబట్టి ఆ మాటకు మర్యాద ఉంది.

దీంతో మాకు రెండు విషయాలు తెలిశాయి. నెలసరి గురించి మాట్లాడుకునే చోటు ఒకటి వాళ్లకు ఇప్పటికే ఉంది, దాన్ని మేం కట్టాల్సిన పని లేదు. రెండోది కంగారు పెట్టేది: ఈ మాత్రలు వాడినంత కాలం గర్భం రాదని చాలామంది నమ్ముతున్నారు. ఇవి గర్భం రాకుండా వాడమని ఇచ్చే మందు కాదు. పడిపోయిన ఆ అమ్మాయి కూడా కొండకు పోయి వచ్చిన నెలలోనే గర్భవతి అయింది.

అప్పుడు ప్లాన్ తిరగేశాం. సేవను ఫ్యాక్టరీ గేటు బయటికి తెచ్చి, కంపెనీ మాత్రమే ఇవ్వగలిగినవి కంపెనీని అడిగాం: సమయం, డబ్బు, ఈఎస్ఐ కాగితాలు. సమాచారం మాత్రం కంపెనీకి వెళ్లకూడదు.

పనిచేసిన ఏర్పాటు

సమయం. నెలకు ఒకసారి రెండు గంటల పర్మిషన్, కారణం గడిలో "ఆరోగ్యం" అన్న ఒక్క మాట, అటెండెన్స్ బోనస్ కోత లేదు. మగవాళ్లకు కూడా ఇదే. ఒకరు లేస్తే మిగతావాళ్ల పని ఆగి లైన్ బ్యాలెన్స్ పోతుందని ప్రొడక్షన్ మేనేజర్ అడ్డుపడ్డాడు. అన్ని రకాల కుట్టు పనులూ వచ్చిన సీనియర్ టైలర్ ఒకామెను ప్రతి రెండు లైన్లకూ ఖాళీగా ఉంచితే సరిపోతుందని ఆయన కింద పనిచేసే లైన్ ఇన్‌ఛార్జే సూచించాడు. పూర్తి రోజు సెలవు కంటే రెండు గంటలు నయమని తేలడానికి ఒక నెల అటెండెన్స్ షీట్ చాలు. సాయంత్రం క్లినిక్‌కి పోయినవాళ్ల కోసం చివరి బస్సు ఒకటి టౌన్ మీదుగా తిప్పారు. నా దృష్టిలో ఈ మొత్తం కేసులో అన్నిటికంటే పెద్ద "కుటుంబ నియంత్రణ సేవ" ఆ బస్సే.

టోకెన్. పేరు లేని, నంబరు మాత్రమే ఉన్న అట్టముక్కలు క్యాంటీన్లో, టాయిలెట్ల దగ్గర, బస్సుల్లో పెట్టాం. ఎవరు తీసుకున్నారో లెక్క లేదు. టోకెన్ తీసుకుని టౌన్లో ఒక చిన్న క్లినిక్‌కి పోవచ్చు. పెద్ద ఆస్పత్రిని వదిలి, కాన్పులు చేయడం మానేసి సాయంత్రాలు ఓపీ మాత్రమే చూసే గైనకాలజిస్టు ఒకామెను వెతికాం. కాన్పుల ఆదాయం లేని డాక్టర్‌కి కాపర్-టి నష్టం కాదు. వేసే పనికి ఒక రేటు, మాట్లాడే పావుగంటకు వేరే రేటు, మూడు నెలల్లోపు మళ్లీ చూపించుకోవడానికి వస్తే దానికీ రేటు అని విడివిడిగా ఒప్పుకున్నాం. సలహా తీసుకుని ఏదీ వద్దనుకుని వెళ్లిపోయినా డాక్టర్‌కి సలహా రేటు వస్తుంది. ఇది కావాలనే పెట్టాం. సాధనం వాడితేనే డబ్బు అంటే డాక్టర్ కూడా తోయడం మొదలుపెడుతుంది. కంపెనీకి నెలాఖరున వెళ్లే బిల్లులో టోకెన్ల సంఖ్య, మొత్తం డబ్బు ఉంటాయి, అంతే. ఏ సాధనం ఎంతమందికి అన్నది కూడా ఉండదు.

డబ్బు ఏ ఖాతాలో రాయాలన్న దగ్గర కొంత గొడవ నడిచింది. సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద చూపిద్దామనుకున్నారు. సొంత ఉద్యోగులకు పెట్టే ఖర్చు సీఎస్ఆర్‌లోకి రాదని ఆడిటర్ కొట్టేశాడు. చివరికి కార్మిక సంక్షేమం ఖర్చులో రాశారు.

షాపు. రెండు షాపుల్లో ఒకటే ముందుకు వచ్చింది. మాలా-డి, సహేలి మాత్రలు, కండోమ్‌ల మీద మార్జిన్ ఏమంత ఉండదు. కానీ వాటికోసం వచ్చినామె ప్యాడ్లు, పిల్లోడికి సిరప్, అత్తకు బీపీ మాత్రలు అక్కడే కొంటుందని షాపు యజమానికి మాకంటే బాగా తెలుసు. సాయంత్రం బస్సుల వేళకు ఆయన కోడలు కౌంటర్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి మా నర్సు నేర్పింది తక్కువే: మొదటిసారి మాత్ర మొదలుపెట్టేవాళ్లని డాక్టర్ దగ్గరికో ఏఎన్ఎం దగ్గరికో పంపాలి, తర్వాతి షీట్లు ఇక్కడ ఇవ్వొచ్చు. బీపీ ఉన్నవాళ్లకి, ఆరు నెలల్లోపు పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్లకి మాలా-డి వద్దు. డేట్ మాత్రలు అడిగిన ప్రతి ఒక్కరికీ "ఇది గర్భం ఆపదు" అని ఒక్క మాట చెప్పాలి. అబార్షన్ మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, అడిగినవాళ్లకి టోకెన్ ఇచ్చి క్లినిక్‌కి పంపాలి. ఈ చివరి షరతుతో షాపుకి ఆదాయం తగ్గింది. అయినా ఒప్పుకున్నాడు, ఆ అమ్మాయి పడిపోయిన సంగతి క్రాస్‌రోడ్డులో అందరికీ తెలుసు, మాత్రలు ఏ షాపులో కొన్నదో కూడా తెలుసు.

సాధనాల గురించి మాటలు. ఇక్కడ పుస్తకంలో ఉన్నట్టు చెబితే సరిపోదు. అంతరా మూడు నెలలకోసారి వేసుకునే ఇంజెక్షన్, గేటు దగ్గర ఎవరూ పట్టుకోలేరు, అత్తకు తెలియదు. ఆ లెక్కన ఫ్యాక్టరీ అమ్మాయిలకు సరిగ్గా సరిపోవాలి. కానీ మొదటి నెలల్లో మధ్యమధ్యలో కొద్దిగా రక్తం కనబడుతుంది. డాక్టర్‌కి అది చిన్న విషయం. ఇంట్లో దీపం పెట్టకూడదు, వంటింట్లోకి పోకూడదు అనుకునే ఇంట్లో అది చిన్న విషయం కాదు. నెలలో పది రోజులు బయట ఉంటే అత్త అడుగుతుంది. కాబట్టి అంతరా గురించి చెప్పేటప్పుడు మొదటి ప్రశ్న "మీ ఇంట్లో ముట్టు పాటిస్తారా?" అయింది. మానేశాక మళ్లీ గర్భం నిలవడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకొంచెం పట్టవచ్చని కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ ఆలస్యమే "ఇంజెక్షన్‌తో పిల్లలు పుట్టరు" అన్న పుకారుకు సాక్ష్యం అవుతుంది.

ఛాయాకి, బయట సహేలి పేరుతో అమ్మే అదే మందుకి, ఇబ్బంది ఇంకో వైపు. హార్మోన్ లేని మాత్ర, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. డేట్ వెనక్కి జరగవచ్చు. ఇక్కడి ఆడవాళ్లకి డేట్ జరగడం గురించి భయం లేదు, అలవాటే. గర్భమేమో అన్న భయం ఒక్కటే. మాత్రలతో పాటు గర్భ పరీక్ష కిట్ ఒకటి ఇచ్చేసరికి ఆ భయం తగ్గింది. వారానికి ఒక మాత్ర కాబట్టి ఇంట్లో వేసుకోవచ్చు, బ్యాగులో మోయక్కర్లేదు. ఆదివారం తలస్నానం చేసి వేసుకుంటాం అని గుర్తు పెట్టుకున్నారు.

కాపర్-టి మేం అనుకున్నదానికంటే ఎక్కువ మంది అడిగారు, ముఖ్యంగా ఒక బిడ్డ ఉండి, భర్త చెన్నైలోనో బెంగళూరులోనో డ్రైవర్‌గా పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాళ్లు. "రోజూ మాత్ర ఎందుకక్కా, ఆయన వచ్చేదే రెండు రోజులు" అని వాళ్ల లెక్క. మొదటి మూడు నెలలు నెలసరి ఎక్కువ పోతుందని చెప్పి, ఆ నెలల్లో రక్తహీనతకు ఐరన్ మాత్రలు కలిపాం.

ఈఎస్ఐ. పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు ఈఎస్ఐలో ఉన్న హక్కు ఎవరికీ తెలియదు. ట్యూబెక్టమీకి 14 రోజులు, వ్యాసెక్టమీకి (మగవాళ్ల ఆపరేషన్‌కి) 7 రోజులు, మామూలు అనారోగ్యానికి ఇచ్చే 70 శాతం కాకుండా పూర్తి వేతనం వస్తుంది. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. అంతకుముందు ఆడవాళ్లు ఈ రెండు వారాలూ జీతం నష్టంతో సెలవు పెట్టేవాళ్లు, లేదా వారానికే వచ్చి మెషిన్ ముందు కూర్చునేవాళ్లు. హెచ్‌ఆర్‌లో ఒక క్లర్కు ఈ కాగితాలు నేర్చుకుంది. తిరుపతి ఈఎస్ఐ ఆస్పత్రిలో సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయే కేసుల్ని ఆమే ఫోన్ చేసి కదిలించేది.

మారనివి

మగవాళ్లు. వ్యాసెక్టమీకి పూర్తి జీతంతో వారం సెలవు ఉందని నోటీసు బోర్డులో పెడితే కటింగ్ సెక్షన్ వాళ్లు నవ్వుకున్నారు. ఇద్దరు రహస్యంగా వచ్చి అడిగారు. వాళ్లలో ఒకరు చేయించుకున్నారు, అదీ భార్యకు గుండె జబ్బు ఉండి ఆపరేషన్ కుదరదని డాక్టర్ చెప్పాక.

కాంట్రాక్టర్ కింద పనిచేసే హౌస్‌కీపింగ్ ఆడవాళ్లకు రెండు గంటల పర్మిషన్ వర్తించలేదు. వాళ్ల అటెండెన్స్ కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది. టోకెన్లు మాత్రం వాళ్లు తీసుకున్నారు. ఊళ్లోవాళ్లు కూడా తీసుకున్నారు: చెల్లెలికి, తోడికోడలికి, పక్కింటామెకు. బిల్లు పెరుగుతోందని ఫైనాన్స్ వాళ్లు ఐడీ కార్డు చూపించాలన్నారు. ఐడీ కార్డు చూపించిన రోజున టోకెన్ మళ్లీ రిజిస్టర్ అవుతుంది. నెలకు ఇన్ని టోకెన్లని పరిమితి పెట్టుకోండి, ఎవరు వాడారని అడగొద్దు అన్నాం. అక్కడే ఆగింది. పెళ్లికాని హాస్టల్ అమ్మాయిలు క్లినిక్‌కి రాగలిగింది కూడా పేరు అడగకపోవడం వల్లనే. అది యాజమాన్యంతో చర్చకు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఫారంలో గర్భం ప్రశ్న తీసేశారు. ఇంటర్వ్యూలో నోటితో అడగడం పూర్తిగా ఆగలేదని చేరినవాళ్లు చెబుతూనే ఉన్నారు.

2024 చివరలో రాజకీయం కూడా అడ్డొచ్చింది. ఎక్కువ మంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రే అంటున్నారు, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయకూడదన్న నిబంధనను స్థానిక ఎన్నికల నుంచి తీసేశారు, ఇప్పుడు మనం ఇది నడిపితే బాగుంటుందా అని డైరెక్టర్ అడిగాడు. రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే అని 2019-21 సర్వేలో తేలింది కాబట్టి ఆ ఆందోళనకు ఆధారం ఉంది. కానీ మా పని ఎంతమంది అన్నదాని మీద కాదు, ఎప్పుడు అన్నదాని మీద. మొదటి బిడ్డ తర్వాత మూడేళ్లు ఊపిరి పీల్చుకున్నామె రెండో బిడ్డను కనే అవకాశం ఎక్కువా తక్కువా అని ఆయన్నే అడిగాం. కొనసాగించారు. క్రెష్ తాళం తీసింది కూడా ఆ తర్వాతే. పిల్లల్ని కనమనే ప్రభుత్వం వచ్చాక క్రెష్‌కి విలువ పెరిగిందేమో, మాకు కారణంతో పని లేదు.

ఫలితాల గురించి జాగ్రత్తగా చెప్పాలి. పేర్లు రాసుకోకూడదని నిర్ణయించుకున్నాక, ఎవరు ఎంతకాలం ఏ సాధనం వాడారో ఖచ్చితంగా చెప్పలేం. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాం. టోకెన్లు నెలనెలా అయిపోతున్నాయి, ఫస్ట్ ఎయిడ్ గదిలో అలాంటి కేసు మళ్లీ రాలేదు, షాపులో చీటీ లేకుండా అబార్షన్ మాత్రలు అడిగేవాళ్లు తగ్గారని ఆ కోడలు చెబుతోంది. తగ్గారో, రెండో షాపుకి పోతున్నారో ఆమెకూ తెలియదు.

నేర్చుకున్నవి

యజమాని ద్వారా సేవలు అనగానే ఫ్యాక్టరీలో గది, బోర్డు, క్యాంపు గుర్తొస్తాయి. ఈ యూనిట్‌లో యజమాని నుంచి పనికొచ్చినవి మాత్రం బస్సు రూటు, పర్మిషన్ స్లిప్పు, ఈఎస్ఐ క్లర్కు, పేర్లు లేని బిల్లు. ఇప్పుడు కొత్త యూనిట్‌కి పోతే మొదట అడిగేది జీతం స్లిప్పు, గేటు దగ్గర తనిఖీ పద్ధతి, చేరేటప్పుడు నింపే ఫారం. ఆ మూడూ చూశాకే సాధనాల గురించి మాట్లాడతాం. పేర్లు, సాధనాల వివరాలు యాజమాన్యం అడగకూడదన్న షరతును ఒప్పందంలోనే రాయిస్తున్నాం. ఈ యూనిట్‌లో హెచ్‌ఆర్ మేనేజర్ మారి, కొత్తాయన మొదటి వారంలోనే లిస్టు అడిగినప్పుడు ఆ కాగితమే కాపాడింది.

ప్రైవేటు వాళ్లలో ఎవరితో కలవాలన్నది వాళ్ల ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో చూసి తేల్చుకోవాలి. పేరున్న ఆస్పత్రి కంటే, సాయంత్రం కౌంటర్లో ఆడమనిషి కూర్చునే మెడికల్ షాపు మాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇదే పద్ధతిని చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పెట్టమని అడుగుతున్నారు. అక్కడ తోతాపురి సీజన్ రెండు మూడు నెలలు, ఆడవాళ్లు మేస్త్రీల ద్వారా వస్తారు, సీజన్ అయ్యాక ఎటు పోతారో తెలియదు. కాపర్-టి వేసి మూడు నెలలు చూసుకునే వీలు లేదు, కంపెనీ బస్సు లేదు, అటెండెన్స్ బోనస్ లేదు కాబట్టి మినహాయింపు ఇవ్వడానికీ ఏమీ లేదు. టోకెన్ పద్ధతి అక్కడ యథాతథంగా పనికిరాదు. సీజన్‌కి ముందు వాళ్ల ఊళ్లలో ఏఎన్ఎంలతో మొదలుపెట్టి, మేస్త్రీల భార్యలతో మాట్లాడుతున్నాం. చాలాచోట్ల ఆడవాళ్ల లెక్క చూసేది, అడ్వాన్సులు పంచేది వాళ్లే.